మీకు తెలుసా? కోడిగుడ్డుతో మొదలయ్యే సాహసం

కత్తి దూసి రాక్షసుల పని పట్టాలని ఉవ్విళ్లూరుతూ ఆటలోకి అడుగుపెడితే, అక్కడ మీకు తగిలే తొలి వీరకార్యం ఏమిటో తెలుసా? ఒక కోడిగుడ్డు, ఒక బకెట్ పాలు, కుండెడు పిండి తెచ్చిపెట్టడం! లంబ్రిడ్జ్ కోటలో డ్యూక్‌గారి పుట్టినరోజు. కేకు చేయాల్సిన వంటవాడు సరుకులు సిద్ధం చేసుకోలేదు. వంటింట్లో బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. అతణ్ని గట్టెక్కించాల్సింది మీరే.

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట సంగతి ఇది. దేశదేశాల నుంచి వేలమంది ఒకే సమయంలో ఒకే మాయాలోకంలో తిరిగే ఆట. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఈ గుడ్డూ పాల పనిని చిన్నచూపు చూసి దాటేస్తారు. నా మాట విని దాటేయకండి. పిండి కావాలంటే పొలంలో గోధుమ కోయాలి, గాలిమర పై అంతస్తు దాకా నిచ్చెన ఎక్కి తొట్టిలో పోయాలి, మీట లాగాలి, కిందికి దిగొచ్చి కుండలో నింపుకోవాలి. పాలకు పశువుల దొడ్డికి, గుడ్డుకు కోళ్ల దగ్గరికి పోవాలి. ఈ తిరుగుడుతో ఊరంతా మీ కాళ్లకు అలవాటైపోతుంది. పాతాళభైరవి సినిమాలో తోటరాముడు కూడా తోటమాలి కొడుకుగానే కదా కథలోకి వచ్చింది!

నేను చూసినంతలో ఇలాంటి ఆటల్లో కొత్తవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది తొందర. ఈసారి చెప్పబోయే ముచ్చట్లన్నీ ఏదో ఒక దారిలో అక్కడికే చేరతాయి.

ఐదున్నరేళ్లు పడుకుని లేచిన ఆట

రూన్‌స్కేప్ 2001 జనవరి 4న మొదలైంది. తయారుచేసింది ఇంగ్లండ్‌కు చెందిన ఆండ్రూ గోవర్, అతని సోదరులు పాల్, ఇయాన్. కేంబ్రిడ్జ్‌లోని జాగెక్స్ సంస్థ దాన్ని నడిపిస్తోంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆట ఎంతగానో మారిపోయింది. పాతదే బాగుందని ఆటగాళ్లు పట్టుబట్టారు. అదృష్టం కొద్దీ 2007 ఆగస్టు నాటి ఆట మొత్తం ఒక బ్యాకప్‌లో భద్రంగా దొరికింది. 2013లో ఓటింగ్ పెడితే 4 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. ఆ ఏడాది ఫిబ్రవరి 22న పాత ఆట మళ్లీ తెరుచుకుంది. అందుకే దాని పేరులో ఓల్డ్ స్కూల్ అన్న మాట చేరింది.

అప్పటి నుంచి ఆటలో పెద్ద మార్పు ఏది తేవాలన్నా ఆటగాళ్ల ఓటు అడుగుతారు. మొదట్లో నూటికి 75 మంది ఒప్పుకోవాలనేవారు, తర్వాత దాన్ని 70కి తగ్గించారు. కొత్తవాళ్లకు దీనివల్ల ఒక మేలు ఉంది. ఇవాళ నేర్చుకున్నది రేపటికల్లా చెల్లనిదైపోతుందన్న భయం ఉండదు. 2018 అక్టోబర్ నుంచి ఫోన్‌లోనూ ఆడొచ్చు. కంప్యూటర్‌లో ఆపిన చోటు నుంచి అదే ఖాతాతో ఫోన్‌లో కొనసాగించవచ్చు. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలకు ఇది పెద్ద వరం.

99లో సగం ఎంత?

49 అనో 50 అనో అంటారు ఎవరైనా. ఈ ఆటలో మాత్రం 99లో సగం 92!

లెక్క ఇదీ. కట్టెలు కొట్టడం, చేపలు పట్టడం, వంట, కమ్మరం, కత్తిసాము, మంత్రం... ఒక్కో విద్యకూ ఒక్కో లెవెల్ ఉంటుంది. పని చేసినకొద్దీ ఎక్స్‌పీ వస్తుంది, అంటే అనుభవం అన్నమాట. అది పోగైతే లెవెల్ పెరుగుతుంది. ఒకటో లెవెల్ నుంచి రెండుకు రావడానికి 83 ఎక్స్‌పీ చాలు. 99 చేరాలంటే మొత్తం 1,30,34,431 కావాలి. అందులో దాదాపు సగం, అంటే 65,17,253, మీ దగ్గర చేరేసరికి మీరు ఉండేది 92వ లెవెల్‌లో. మొదటి 91 మెట్లు ఎక్కడానికి ఎంత కష్టమో, చివరి ఏడు మెట్లకూ అంతే కష్టం.

ఎందుకలా? సుమారు ప్రతి ఏడు లెవెళ్లకూ కావలసిన ఎక్స్‌పీ రెట్టింపయ్యేలా ఆ పట్టిక తయారుచేశారు. చదరంగం గళ్లలో ఒక్కో గడికీ ధాన్యం గింజలు రెట్టిస్తూ పోయిన పాత కథ గుర్తుంది కదా, అదే పద్ధతి. 50వ లెవెల్ చేరగానే సగం దారికి వచ్చేశామని మనసు సంబరపడుతుంది. అప్పటికి మీ దగ్గరుండేది 1,01,333 ఎక్స్‌పీ. 99కి కావలసినదాంట్లో అది నూటికి ఒక వంతు కూడా కాదు.

ఈ సంగతి తెలిసి నీరుగారిపోనక్కర్లేదు. నిజానికి కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి వార్త లేదు. పాతవాళ్లు వారాల తరబడి చెమటోడ్చినా ఒక్క లెవెల్ పెరగదు. మీకు మొదటి సాయంత్రమే పది విద్యల్లో లెవెళ్లు చిటపటా పెరుగుతాయి, పెరిగినప్పుడల్లా తెర మీద బాణసంచా పేలుతుంది. ఆ రోజులు మళ్లీ రావు. 99 వేసుకున్న వీరుణ్ని చూసి అసూయపడి, ఒకే చెట్టు ముందు రాత్రంతా కూర్చుని గొడ్డలి ఆడించకండి. ఇవాళ కాసేపు చేపలు, రేపు కాసేపు గని, ఎల్లుండి వంట. మొదటి నెల అలా గడిస్తేనే ఏ విద్య మీకు నచ్చుతుందో తేలుతుంది.

ఆట గుండె కొట్టుకునే వేగం

ఈ లోకానికి ఒక గుండె చప్పుడు ఉంది. సర్వర్ ప్రతి 0.6 సెకనుకు ఒకసారి అందరి ఆదేశాలనూ చూసి అమలు చేస్తుంది. ఆటగాళ్లు దాన్ని టిక్ అంటారు. నిమిషానికి సరిగ్గా వంద టిక్కులు. మీరు అడుగు వేయడం, కత్తి ఝళిపించడం, రొట్టె తినడం, అన్నీ ఆ తాళానికే జరుగుతాయి. రెండు టిక్కుల మధ్య మౌస్‌ను పదిసార్లు నొక్కినా అదనపు దెబ్బ పడదు. వేళ్లు నొప్పి పుట్టేలా నొక్కుతున్న పిల్లలు ఎవరైనా కనబడితే ఈ మాట చెప్పండి.

ఆయుధం ఎంచుకోవడానికీ ఈ లెక్కే ఆధారం. పొడవాటి లాంగ్‌స్వోర్డ్ గంభీరంగా కనిపిస్తుంది, కొత్తవాళ్ల చూపు దాని మీదే పడుతుంది. దానికి దెబ్బకూ దెబ్బకూ మధ్య 5 టిక్కులు, అంటే 3 సెకన్లు పడుతుంది. వంపు తిరిగిన సిమిటార్‌కు 4 టిక్కులు చాలు, 2.4 సెకన్లు. నిమిషంలో లాంగ్‌స్వోర్డ్ 20 దెబ్బలు వేస్తే సిమిటార్ 25 వేస్తుంది. చవగ్గా దొరికే ఇనుప సిమిటార్‌తో మొదలుపెట్టండి. 40వ లెవెల్‌కు వచ్చాక రూన్ లోహంతో చేసిన సిమిటార్ పట్టవచ్చు. చాలాకాలం అదే మీకు తోడుంటుంది.

బోనులో భూతం

పోరాటంలో మూడు దారులున్నాయి. దగ్గరికెళ్లి కత్తితో కొట్టడం, దూరం నుంచి బాణం వేయడం, మంత్రం ప్రయోగించడం. కత్తివీరుడి చేతిలో విలుకాడు ఓడతాడు, విలుకాడి చేతిలో మాంత్రికుడు, మాంత్రికుడి చేతిలో కత్తివీరుడు. ఎదుటివాడు ఇనుప కవచం తొడుక్కుని ఉంటే మంత్రం వేయాలి, మాంత్రికుడి వస్త్రాల్లో ఉంటే బాణం తీయాలి. ఇంతే సూత్రం.

మంత్రమో విల్లో అలవాటు చేసుకోవాలనుకునేవాళ్ల కోసం లంబ్రిడ్జ్‌కు దగ్గర్లోనే, మాంత్రికుల గోపురం పై అంతస్తులో 82వ లెవెల్ భూతాన్ని బోనులో పెట్టి ఉంచారు. బయట నిలబడి మీరు బాణాలు వేయొచ్చు, నిప్పు మంత్రాలు రువ్వొచ్చు. అది మిమ్మల్ని అందుకోలేదు. అంత పెద్ద ప్రాణిని ముఖాముఖి ఎదుర్కొంటే కొత్తవాళ్లు క్షణాల్లో నేలకూలతారు.

669 గాబ్లిన్లకు బదులు ఒక జలపాతం

లంబ్రిడ్జ్ ఏటి అవతల తిరిగే గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడికి 5 ప్రాణాంకాలు. ఒక్కో అంకానికి 4 చొప్పున, ఒక గాబ్లిన్ పడితే 20 ఎక్స్‌పీ. ఐదుగురిని కొడితే రెండో లెవెల్ వచ్చేస్తుంది. దాంతో హుషారెక్కి అక్కడే పాతుకుపోయేవాళ్లు కోకొల్లలు. దాడి విద్యలో 30వ లెవెల్ రావాలంటే 13,363 ఎక్స్‌పీ కావాలి. గాబ్లిన్ల లెక్కలో 669 మంది. బలం విద్యలోనూ 30 కావాలంటే ఇంకో 669 మంది.

అదే, వాటర్‌ఫాల్ క్వెస్ట్ అనే ఒక్క సాహసం పూర్తిచేస్తే దాడికి 13,750, బలానికి 13,750 ఎక్స్‌పీ ఒకేసారి చేతికొస్తాయి. ఒకటో లెవెల్‌లో ఉన్నవాళ్లు రెండింటిలోనూ నేరుగా 30కి ఎగబాకుతారు. వింతేమిటంటే ఆ సాహసంలో ఎవరినీ చంపాల్సిన పని లేదు. తాడు కట్టి జలపాతం వెనక గుహలోకి దిగాలి, పాత పుస్తకం చదవాలి, తాళంచెవులు వెతకాలి, భారీ రాక్షసుల పక్కనుంచి పరుగెత్తి తప్పించుకోవాలి. వాళ్ల దెబ్బ ఒకటి రెండు తగిలినా ప్రాణం పోతుంది కాబట్టి తినడానికి తిండి పట్టుకెళ్లాలి. ఇది సభ్యత్వం తీసుకున్నవాళ్లకే దొరికే క్వెస్ట్. అయితే ఉచితంగా ఆడేవాళ్లకూ నీతి ఇదే: కొట్లాట కంటే కథలు త్వరగా పెంచుతాయి. క్వెస్టులు వదిలేసి పశువుల దొడ్డిలో నెల రోజులు గడిపినవాళ్లను చూశాను, ఆ కాలం తలచుకుని బాధపడనివాళ్లు వాళ్లలో లేరు.

క్వెస్టులో మాటలు గబగబా దాటేయకుండా చదవండి. ఈ ఆట రాసినవాళ్లకు కథ చెప్పడం తెలుసు. పైగా ఇంగ్లిష్ మీడియం చదువుతూ మాట్లాడటానికి జంకే మన పిల్లలకు, ఆ సంభాషణలు చదవడం ఏ పాఠమూ ఇవ్వనంత అలవాటు ఇస్తుంది.

చచ్చిపోతే ఏమవుతుంది?

మళ్లీ లంబ్రిడ్జ్‌లో లేస్తారు. మీ దగ్గరున్న వస్తువుల్లో అన్నిటికంటే విలువైనవి మూడు మీతోనే ఉంటాయి. ప్రార్థన విద్యలో 25వ లెవెల్ ఉండి, వస్తువును కాపాడే ప్రార్థన వేసి ఉంటే నాలుగు. మిగతావన్నీ మీరు పడిపోయిన చోట సమాధిలో 15 నిమిషాలు ఎదురుచూస్తాయి. ఆలోపు వెళ్లి తెచ్చుకోవాలి. ఆలస్యమైతే సాక్షాత్తూ మృత్యుదేవత ఆఫీసుకు వెళ్లి రుసుము కట్టి విడిపించుకోవచ్చు.

సంచిలో 28 గళ్లే ఉంటాయి. కొత్తవాళ్లు ఉన్నదంతా మోసుకుని తిరుగుతారు. బ్యాంకులో దాచండి. లంబ్రిడ్జ్ కోట పై అంతస్తులోనే ఒక బ్యాంకు ఉంది. దారి తప్పితే హోమ్ టెలిపోర్ట్ అనే ఉచిత మంత్రం ఉంది, అరగంటకోసారి ఇంటికి చేరుస్తుంది. కొట్లాటలో ఉన్నప్పుడు మాత్రం అది పనిచేయదు.

కందకం దాటితే

పటానికి ఉత్తరాన ఒక చిన్న కందకం ఉంటుంది. దాని అవతల వైల్డర్‌నెస్. అక్కడ మృగాలతో పాటు సాటి ఆటగాళ్లూ మిమ్మల్ని కొట్టవచ్చు. లోపలికి పోయేకొద్దీ తెర మీద ఒక అంకె పెరుగుతూ ఉంటుంది. మీ పోరాట లెవెల్ 20, ఆ అంకె 5 అనుకోండి. 15 నుంచి 25 లోపు లెవెల్ ఉన్నవాళ్లంతా మీ మీద చేయి చేసుకోవచ్చు. ఆ అంకె 20 దాటితే మామూలు టెలిపోర్ట్ మంత్రాలు పనిచేయవు, కాళ్లే దిక్కు. ఎవరైనా మిమ్మల్ని కొట్టి చంపితే, ఇందాక చెప్పిన మూడు వస్తువులు తప్ప మీ సరుకు వాళ్లదే. మీరే ముందు చేయి చేసుకుని ఉంటే మీ తల మీద పుర్రె గుర్తు పడుతుంది, అప్పుడు ఆ మూడు వస్తువులు కూడా దక్కవు.

పోవద్దని చెప్పను. ఏదో ఒక రోజు చూడాల్సిన చోటే. పోయినా బాధ లేదనుకున్నవి మాత్రమే తీసుకెళ్లండి.

మీ కవచానికి బంగారు అంచు వేస్తానంటాడు

ఇది కాస్త నిదానంగా చదవండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్లతోనూ చదివించండి.

వారక్ నగరం దగ్గర గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే పెద్ద సంత ఉంది. మీరు ఏదైనా అమ్మాలన్నా కొనాలన్నా ధర రాసి పెడితే, లోకంలో ఎక్కడో ఉన్న మరో ఆటగాడి బేరంతో ఆట దాన్ని కలుపుతుంది. అక్కడ ఎప్పుడూ జనమే. ఆ జనంలో ఒకడు అరుస్తుంటాడు: మీ డబ్బు నాకివ్వండి, రెట్టింపు చేసి ఇస్తాను. మొదట వంద నాణేలిస్తే నిజంగానే రెండొందలు ఇస్తాడు. వెయ్యి ఇస్తే రెండు వేలు ఇస్తాడు. మీకు నమ్మకం కుదిరి ఉన్నదంతా అతని చేతిలో పెట్టిన మరుక్షణం మాయమవుతాడు. మన ఊళ్లలో గొలుసుకట్టు స్కీముల పేరుతో జరిగింది కూడా అచ్చం ఇదే.

ఇంకొకడు వస్తాడు, మీ కవచానికి ఉచితంగా బంగారు అంచు వేస్తానంటాడు. ఆ ఆటలో అంచు కవచాలు ఉన్న మాట నిజం. అవి నిధి వేటలో మాత్రమే దొరుకుతాయి, ఏ కమ్మరి ఆటగాడూ వాటిని చేయలేడు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, మోసం ఆ క్షణమే బయటపడుతుంది. మూడోవాడు స్నేహితుడిలా పక్కన నడుస్తూ, ఉత్తరాన ఒక నిధి ఉందని, మంచి కవచం వేసుకుని రమ్మని పిలుస్తాడు. ఉత్తరాన ఉన్నది ఇందాక చెప్పిన కందకం. నాలుగోవాడు, ఇక్కడ పాస్‌వర్డ్ టైప్ చేస్తే ఆటే దాన్ని చుక్కలుగా మార్చేస్తుంది చూడు అంటాడు. అతను ముందుగానే చుక్కలు టైప్ చేసి చూపిస్తాడు. పిల్లలు నిజమనుకుని తమది టైప్ చేస్తారు.

మా అక్క కొడుకు ఇంటర్ చదివే రోజుల్లో ఇలాంటి ఒక ఆటలో ఆరు నెలలు కూడబెట్టినదంతా ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నాడు. పోయింది రూపాయలు కావు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, ఆటే కదా అన్నారు. వాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వాడి బాధ వస్తువుల గురించి కాదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. తీసుకున్నవాడు మూడు వారాలు వాడితో కలిసి చేపలు పట్టినవాడు. పిల్లలు ఇలాంటి దెబ్బ తిని వస్తే నవ్వకండి. దగ్గర కూర్చోబెట్టుకుని ఏం జరిగిందో చెప్పించుకోండి. రేపు వాళ్ల చేతిలోనే నిజమైన యూపీఐ ఉంటుంది.

ఆటలో వస్తుమార్పిడికి రెండు కిటికీలు తెరుచుకుంటాయి. రెండోది, మీరు ఇచ్చేది ఇదీ, మీకు వచ్చేది ఇదీ అని అక్షరాల్లో రాసి చూపిస్తుంది. మోసగాడు మిమ్మల్ని తొందరపెట్టేది సరిగ్గా అక్కడే. త్వరగా నొక్కు, నేను వెళ్లాలి అంటాడు. అలా అన్నవాడితో బేరం ఆపేయండి.

తలుపులే పాఠాలు చెప్పే గుహ

ఈ మోసాల గురించి నేర్పడానికి ఆటలోనే ఒక బడి ఉందని తెలుసా? బార్బేరియన్ విలేజ్ నడిబొడ్డున ఒక గొయ్యి ఉంటుంది. 2006లో తెరిచిన ఆ గుహకు నాలుగు అంతస్తులు: యుద్ధం, కరువు, తెగులు, మరణం. ప్రతి తలుపూ మిమ్మల్ని ఆపి ప్రశ్న అడుగుతుంది. మీ పాస్‌వర్డ్ స్నేహితుడు అడిగితే ఇస్తారా? సంస్థవాళ్లమని చెప్పి ఎవరైనా అడిగితే? సరైన జవాబు చెబితేనే తలుపు తెరుచుకుంటుంది. మొదటి మూడు అంతస్తుల చివర 2,000, 3,000, 5,000 నాణేలు, మొత్తం 10,000 దొరుకుతాయి. నాలుగో దాని చివర ఒక జత బూట్లు.

కొత్తవాళ్లకు 10,000 నాణేలంటే పెద్ద మొత్తమే. పాఠం చదివించి పారితోషికం ఇచ్చే ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. మన బ్యాంకులు కూడా ఓటీపీ మోసాల గురించి మెసేజీలు పంపడంతో ఆగకుండా ఇలాంటిదేదైనా పెడితే ఎంత బాగుంటుంది!

బాండ్, బంగారం, వెనిజులా

ఆట ఉచితం. ఎక్కువ ప్రాంతాలు, ఎక్కువ విద్యలు కావాలంటే సభ్యత్వం కొనాలి. డబ్బు పెట్టలేనివాళ్లకు ఒక దారి ఉంది. ఎవరో అసలు డబ్బుతో కొన్న బాండ్‌ను మీరు ఆట నాణేలతో సంతలో కొనుక్కోవచ్చు. ఒక బాండ్‌కు 14 రోజుల సభ్యత్వం. మొదటి నెలలోనే దాని వెంట పడొద్దు. ఉచితంగా చూడాల్సిన లోకమే బోలెడు ఉంది. కొత్త ఉచిత ఖాతాలకు మొదట్లో సంతలో కొన్ని వస్తువులు అమ్మే వీలుండదు, కొంత ఆడి కొన్ని క్వెస్టులు చేశాక ఆ కట్టడి పోతుంది. మనిషికి బదులు ఆడే బాట్ అనే ప్రోగ్రామ్‌లను అడ్డుకోవడానికి పెట్టిన నిబంధన అది.

ఆట నాణేలను బయట అసలు డబ్బుకు అమ్మడం, కొనడం నిషేధం. దొరికితే ఖాతా పోతుంది. ఈ నిషేధం వెనక బరువైన కథలున్నాయి. 2017 ప్రాంతంలో వెనిజులాలో ధరలు ఆకాశాన్నంటి, దేశం కరెన్సీ విలువ కుప్పకూలినప్పుడు, అక్కడి యువకులు ఎందరో ఈ ఆటలో పచ్చ డ్రాగన్లను వేటాడి, ఆ బంగారం అమ్మి ఇంటికి తిండి తెచ్చుకున్నారు. సాటి ఆటగాళ్లలో కొందరు వాళ్లను గుర్తుపట్టి మరీ వేటాడారు. వైల్డర్‌నెస్‌లో చచ్చిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఒక పూట కూలి పోయినట్టే. తప్పొప్పులు తేల్చడం ఈ శీర్షికకు మించిన పని. అయితే తెర మీద కదిలే ప్రతి బొమ్మ వెనకా ఒక మనిషి ఉన్నాడని కొత్తవాళ్లకు తెలియడం అవసరం.

మీరు ఏ ముక్క?

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు మడ్ అనే ఆట తయారుచేశారు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. చాలామంది ఒకే లోకంలో కలిసి తిరిగే ఆటలకు మూలం అదే. ఆండ్రూ గోవర్ కూడా రూన్‌స్కేప్‌కు ముందు రాసుకున్న ఆటకు డీవియస్‌మడ్ అని పేరు పెట్టుకున్నాడు.

అదే బార్టిల్ 1996లో ఆటగాళ్లను పేకముక్కల రంగులతో పోల్చాడు. సాధించాలనే తపన ఉన్నవాళ్లు డైమండ్. మూలమూలా తవ్వి చూడాలనుకునేవాళ్లు స్పేడ్. మనుషుల కోసం వచ్చేవాళ్లు ఆఠీన్. ఎదుటివాళ్లను ఓడించడంలోనే ఆనందం ఉన్నవాళ్లు కళావర్. మీకు 99ల మీద ఆశ లేకపోతే మీలో లోపమేమీ లేదు, మీరు బహుశా స్పేడ్. పటంలో ఇంకా చూడని మూలకు నడవండి. పక్కవాళ్ల జాబితాను తెచ్చుకుని మీ ఆటలో పెట్టుకుంటేనే విసుగు పుడుతుంది.

అంత్యక్రియలకు వచ్చిన అపరిచితులు

నార్వేకు చెందిన మాట్స్ స్టీన్‌కు పుట్టుకతోనే కండరాలు క్షీణించే డూషెన్ వ్యాధి. చక్రాల కుర్చీలో గడిచిన జీవితం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఇలాంటి ఆటలోనే ఎక్కువ సమయం గడిపేవాడు. కొడుకు ఒంటరిగా, స్నేహితులు లేకుండా బతికాడని తల్లిదండ్రులు దిగులుపడ్డారు. 2014 నవంబర్‌లో 25 ఏళ్ల వయసులో అతను కన్నుమూశాడు. అతను రాసుకునే బ్లాగులో తండ్రి ఆ వార్త పెట్టాడు. యూరప్ నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఆటలో ఇబెలిన్ అనే పేరుతో అతను ఎవరికి తోడుగా నిలిచాడో, ఏ తల్లికి తన బిడ్డతో మాట్లాడే దారి చూపాడో, ఒక్కొక్కరూ రాశారు. గిల్డ్ అనే అతని ఆట జట్టులోని సభ్యులు కొందరు అంత్యక్రియలకు విమానాలెక్కి వచ్చారు. 2024లో అతని కథ డాక్యుమెంటరీగా వచ్చింది, వీలైతే తప్పక చూడండి.

అందుకే, కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలోనే ఒక మంచి క్లాన్, అంటే కలిసి ఆడే జట్టు, వెతుక్కోవాలని నేను గట్టిగా చెబుతాను. ఆటల్లో మంచివాళ్లను గుర్తుపట్టడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. వాళ్లు మీ దగ్గర ఏమీ అడగరు, మీ ప్రశ్నలకు విసుక్కోరు. ఊరు, బడి, ఫోన్ నంబర్ మాత్రం ఎంత మంచివాళ్లకైనా చెప్పక్కర్లేదు.

ఇవాళ రాత్రి మొదలుపెడితే

ట్యుటోరియల్ ఐలాండ్ అనే దీవిలో కళ్లు తెరుస్తారు. రొయ్యలు పట్టడం, నిప్పు రాజేయడం, రాగీ తగరమూ కలిపి కంచు కరిగించడం, ఎలుకను కొట్టడం, కోడి మీద గాలి మంత్రం వేయడం అక్కడ నేర్పుతారు. ఏదీ దాటేయకుండా చేయండి. లంబ్రిడ్జ్‌లో దిగగానే కోట వంటింటికి నడవండి, కేకు సంగతి తేల్చండి. తర్వాత ఆవుల దొడ్డిలో కాసేపు కత్తి అలవాటు చేసుకుని, తోళ్లు బ్యాంకులో పోగేయండి, అమ్మితే నాలుగు నాణేలొస్తాయి.

పడుకునే ముందు ఒక పని మిగిలి ఉంటుంది. బ్యాంకు ఉద్యోగి దగ్గరికెళ్లి నాలుగంకెల పిన్ పెట్టుకోండి. మీ ఖాతా ఇంకెవరి చేతిలో పడ్డా ఆ పిన్ తెలియకుండా బ్యాంకు తెరుచుకోదు. దాన్ని తీసేయమని అడిగినా, మీరు ముందుగా ఎంచుకున్నదాన్ని బట్టి 3 రోజులో 7 రోజులో ఆగాలి. ఆ వ్యవధిలో అసలు యజమాని వచ్చి చూసుకుంటే ఆ అభ్యర్థనను రద్దు చేసేయవచ్చు. పుట్టిన సంవత్సరం పెట్టకండి, 1234 అసలే వద్దు.